ఉప్పు వడ్డించని ఇల్లు

మా బావ కూరని ముందు ముక్కుతో తింటాడు. విస్తట్లో కూర పడగానే తల కాస్త వంచి, కళ్ళు మూసి, గాలి గట్టిగా లోపలికి పీల్చి, కళ్ళు తెరిచి ఒకే మాట అంటాడు. "కుదిరినాది." ఆ మాట వినబడ్డాకే పంక్తిలో మిగతా చేతులు విస్తళ్ళ మీదికి దిగుతాయి. అప్పటికి ముద్ద ఎవరి నోట్లోకీ వెళ్ళి ఉండదు. ఆయన నోట్లోకి కూడా.

నేను చాలా ఏళ్ళు ఒక దినపత్రికలో, విజయనగరం డెస్కు మీద పనిచేశాను. మంత్రి మాట్లాడక ముందే ఆయన ప్రసంగం రాసి పంపించే విలేకరులను చూశాను. వాన వచ్చి సభ ఆగిపోయినా మర్నాడు ప్రసంగం అచ్చయిన సందర్భాలు నాకు తెలుసు. అలాంటివాళ్ళ మీద నాకు గౌరవం లేదు గానీ, వాళ్ళకి వార్త పట్టుకెళ్ళే బస్సు వేళా, పేజీ కట్టే వేళా తరుముతూ ఉండేవని ఒప్పుకోవాలి. మా బావని తరిమేది ఏమీ లేదు. ఎదురుగా విస్తరి, పక్కన మంచినీళ్ళు, పైన ఫ్యాను. ఒక్క ముద్ద తిని చెప్పినా ఎవరూ కాదనరు. అయినా తినకుండానే చెప్తాడు.

ఆయన మా అప్ప భర్త. మా వైపు అక్కని అప్ప అంటాం. రాజాంలో ధాన్యం వ్యాపారం. బస్తాలో చెయ్యి పెట్టి, గింజ తీసి, పంటి కింద కొరికి, తేమ ఎక్కువుందో తక్కువుందో చెప్తాడు. ఆ విద్య నిజమైనదే, నేను కళ్ళారా చూశాను. గింజలో తేమ చెప్పేవాడు కూరలో ఉప్పు చెప్పలేడా అని ఎప్పుడో ఎవరో అని ఉంటారు. అంతే, మా కుటుంబంలో రుచికి ఆయన న్యాయాధికారి అయిపోయాడు. గింజని కొరికి చెప్తున్నాడు, కూరని కొరక్కుండా చెప్తున్నాడు అన్న తేడా మా వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. తట్టినా అనేవాళ్ళు కారు. అన్నయ్య పండించే ధాన్యం వెళ్ళేది బావ గోదాముకే.

దీనికి తోడు మా ఇంటికి ఇంకో ఆచారం ఉంది. మేం విస్తట్లో ఉప్పు వడ్డించం. పక్క ఊళ్ళలో విస్తరి వెయ్యగానే ఓ మూల చిటికెడు ఉప్పు పెడతారు. మా ఇంట్లో అది వండినావిడకి అవమానం. ఉప్పు పెట్టారంటే వంటలో ఉప్పు చాలలేదని ముందే అనుమానించినట్టు. పంక్తిలో కూర్చుని ఉప్పు అడగడం ఇంకా పెద్ద తప్పు. అది వండినావిడనీ, కుదిరిందని చెప్పినాయననీ ఒక్క మాటతో కొట్టినట్టు. అందుకని మా ఇంట్లో చప్పిడి కూర వస్తే చప్పిడిగానే తింటారు, ఉప్పు కషాయం వస్తే మజ్జిగ ఎక్కువ పోసుకుంటారు. దీన్ని మా వాళ్ళు మర్యాద అంటారు.

ఈ మర్యాదంతా జరిగేది అన్నయ్య ఇంట్లో. శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున ఉన్న ఊరు. శివరాత్రి వెళ్ళాక చక్రతీర్థ స్నానానికి వచ్చినవాళ్ళంతా ఏట్లో మునిగి, దేవుణ్ణి చూసి, తడిబట్టల మూటలతో తిన్నగా అన్నయ్య ఇంటికి వస్తారు. తర్వాత కొత్తమాస. ఉగాది ముందు వచ్చే అమావాస్యని మేం కొత్తమాస అంటాం, ఆ రోజు ఇంట్లో పోయిన పెద్దలకి వండి పెడతాం. తర్వాత వినాయక చవితి, దసరా. ఎప్పుడు చూసినా ఇరవై ముప్పై విస్తళ్ళకి తక్కువ పడవు. వండేది ఒక్కరే. మా వదిన.

వదిన ఉన్నత పాఠశాలలో సైన్సు టీచరు. ఉద్యోగం ఉన్న రోజుల్లో పొద్దున్నే పప్పూ కూరా చేసి, చారు దించి, జడ సగం అల్లుకుంటూ బస్సు దగ్గరికి నడిచేది. సెలవొస్తే పండగ వచ్చేది, పండగొస్తే మేం వచ్చేవాళ్ళం. ఆమె రిటైరైన రోజు మా అప్ప సంతోషంగా అన్న మాట ఇది: "ఇంక ఇస్కూలు గొడవ నేదు కదే, పండక్కి రెండు రకాలు ఎక్కువ సేసుకోవచ్చు." ఆ రెండు రకాలూ ఆ ఏడాదే మొదలయ్యాయి కూడా.

మామూలు రోజుల్లో ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. వదిన ఏదో ఓ ఆకుకూర వేయిస్తుంది, చారు పెడుతుంది. అన్నయ్య పేపరు చదువుతూ తింటాడు. ఏం తిన్నావని చెయ్యి కడుక్కున్నాక అడిగితే చెప్పలేడు. నేను రెండుసార్లు అడిగి చూశాను. ఒకసారి తోటకూర తిని బచ్చలికూర అన్నాడు. రెండోసారి, "ఏదో ఒకటి తిన్నాం కదా, దానికి ఎంక్వయిరీ ఎందుకురా?" అన్నాడు.

మిగిలినవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పండగపూట "ఇంటి భోజనం" అన్న మాటని కళ్ళకద్దుకునేవాళ్ళు మామూలు రోజుల్లో ఏం తింటారో నాకు తెలుసు. సాయంత్రం అయ్యేసరికి మా ఊళ్ళో ప్రతి కూడలిలోనూ కర్రీ పాయింట్ల ముందు స్కూటర్లు బారులు తీరతాయి. ప్లాస్టిక్ సంచుల్లో సాంబారు, గుత్తివంకాయ, దొండకాయ వేపుడు. మూతి బిగించి కట్టిన దారం విప్పడం రాక పళ్ళతో కొరుకుతారు. మా బావ ఇంట్లో పొయ్యి మీద రోజూ ఉడికేది అన్నం ఒక్కటే. కూరలు మెయిన్ రోడ్డు నుంచి వస్తాయి. తప్పేం లేదు, మా ఇంట్లోనూ వారంలో సగం రోజులు అంతే. తప్పల్లా ఆ సాంబారు సంచి పట్టుకున్న చేత్తోనే ఇంటివంట గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వడం.

ఈ ఉపన్యాసాలు నాకు కొత్త కాదు. ఆదివారం పేజీకి నెలకి పది వ్యాసాలు వచ్చేవి, అన్నీ అమ్మ చేతి వంట గురించే. అన్నీ మగవాళ్ళు రాసినవే. ప్రతి దాంట్లోనూ అమృతం ఉండేది, ఆప్యాయత ఉండేది, వేడి అన్నంలో నెయ్యి కరిగేది. ఆ అమ్మ ఎప్పుడు తిన్నదో, తినేసరికి గిన్నెలో ఏం మిగిలిందో ఒక్క దాంట్లోనూ ఉండేది కాదు. అమృతాన్ని కొట్టేసి, నెయ్యిని ఉంచి, వ్యాసం సగానికి కోసి వేసేవాణ్ణి. వాళ్ళు ఫోన్ చేసి, "మా అమ్మని తగ్గించేశారు సార్" అనేవాళ్ళు.

కిందటి ఏడు వదినకి కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేచేది కాదు. శ్రీకాకుళంలో డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. అన్నం గుండిగ వార్చడం, నూనె మూకుడు దించడం, రుబ్బురోలు తిప్పడం ఇవన్నీ బరువులేనా అని వదిన అడిగితే, అవి తప్ప ఇంకే బరువులు ఎత్తుతారమ్మా మీరు అన్నాడట. దసరా భోజనాలయ్యాక, అందరూ తాంబూలాలు వేసుకుంటున్నప్పుడు, వదిన వంటింటి గుమ్మంలో నిలబడి మాట ఎత్తింది.

"ఈ ఏడు నుంచి పండగలు తలో ఇంట్లో సేసుకుందాం. లేదా వంటవాళ్ళని పెట్టుకుందాం. నా వల్ల అవ్వటం లేదు."

బావ నవ్వాడు. "వంటోల్లేటి సెల్లెమ్మా! పెళ్ళి కూడు తింటానికి రాజాం నుంచి ఇంత దూరం రావాలేటి? నీ సేతి ముద్ద కోసం వస్తన్నాం గానీ."

"సెయ్యే పన్జెయ్యటం లేదంటన్నాను కదా అన్నయ్యా."

"సెయ్యి పన్జెయ్యకపోతే ఆ దప్పళం ఎలగొచ్చినాది? కుదిరినాది కదా! నోటికి అద్దినట్టు కుదిరినాది."

మా అప్ప అందుకుంది. "నువ్వు ఊరికే నిలబడి సెప్పే. మూకుళ్ళు మేం దింపుతాం, గుండిగలు మేం ఎత్తుతాం. నీ సెయ్యి పడితే సాలు."

ఇరవై మంది ఒకేసారి అవునవునన్నారు. వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య వక్కపొడి డబ్బా మూత పెట్టడంలో మునిగిపోయాడు. మూత అప్పటికే పెట్టి ఉంది.

గొడ్డుని రాటకి కట్టడానికి పలుపుతాడు కావాలి. మనిషిని పొయ్యికి కట్టడానికి మెచ్చుకోలు చాలు. పైగా తాడుకి ఖర్చుంది, దీనికి లేదు. ఆ రోజు వదినకి దొరికినంత పొగడ్త నేను ఏ సన్మాన సభలోనూ చూడలేదు. మూకుళ్ళు దింపుతామన్న చేతులు మాత్రం తర్వాత చక్రతీర్థానికి వచ్చినప్పుడు కనబడలేదు. అప్పకి ఏట్లో మునిగితే జలుబు చేసింది. తక్కినవాళ్ళకి ఫోటోలు తీసుకునే పని పడింది.

చక్రతీర్థం నాడు నేను ఏటికి వెళ్ళలేదు. వంటింట్లో పీట మీద కూర్చుని చింతపండు పిసుకుతున్నాను. వదిన పనసపొట్టు ఉడకబెట్టి వార్చింది. దానికి ఆవ పెట్టాలి. ఆవ అంటే నూరిన ఆవాల ముద్ద. మా వైపు పనసపొట్టు కూరకి ప్రాణం అదే. నానబెట్టిన ఆవాలని చల్లటి నీళ్ళు చిలకరిస్తూ నెమ్మదిగా నూరాలి. కూర దించి, వేడి తగ్గాక కలపాలి. ఆవ వేడి తగిలితే చేదెక్కుతుంది. ఈ సంగతి మా ఊళ్ళో పెళ్ళి కాని పిల్లలకి కూడా తెలుసు.

వదిన ఆవాలని మిక్సీలో వేసి, కాగిన నీళ్ళు పోసి, మూత పెట్టి తిప్పింది. ఆపలేదు. జారు వేడెక్కి పొగలొచ్చాయి.

"అదేంటి వదినా, చేదెక్కిపోదూ?" అన్నాను.

"ఎక్కాలనే." జారు పట్టుకు చూసింది. "ఒక్కడు మొహం చిట్లించినా సాలు మరిదీ. 'దీనికి వయసైపోనాది, సెయ్యి పోనాది, ఇంక దీని వంట తినలేం' అంటారు. అదే నాక్కావాల్సింది. బతిమాలితే వినలేదు. బాగోలేకపోతే వాళ్ళే మాన్పిస్తారు."

ఆమె ఎక్కువగా ఏమీ అడగలేదు. ఆ పొయ్యి దగ్గర్నుంచి తప్పించమంది. వంట బాగుందని పట్టుకున్నవాళ్ళు వంట చెడితే వదిలేస్తారు. సైన్సు టీచరు కదా, ఆలోచన సక్రమంగానే చేసింది. కానీ ఆమె లెక్కలోకి తీసుకున్నది నాలుకని. మా వాళ్ళు తినేది దాంతో కాదు.

విస్తళ్ళు పడ్డాయి. పనసపొట్టు కూర వచ్చింది. బావ తల వంచాడు, పీల్చాడు, కళ్ళు తెరిచాడు. "కుదిరినాది."

మొదటి ముద్ద వెళ్ళింది. ఆయన కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. నేను చూశాను. గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ వదిన కూడా చూసింది. ఆమె మొహంలో చిన్న వెలుగు వచ్చింది. పంక్తిలో అందరి దవడలూ ఒక్క క్షణం ఆగాయి. అందరూ బావ వంక చూశారు. బావ మింగాడు. నీళ్ళు తాగాడు.

"మా అమ్మ కాలం నాటి ఆవ ఇది," అన్నాడు. "ఆ సిరుసేదు ఉండాల. సిరుసేదు నేకపోతే అది ఆవేటి, సెనగపిండి."

"అదే అనుకుంతన్నాను, ఎక్కడో తిన్నట్టుందని," అంది మా అప్ప. ఆడవాళ్ళ పంక్తి ఇంకా పడనే లేదు.

దవడలు మళ్ళీ ఆడటం మొదలెట్టాయి. నోరు తెరిస్తే నాలుక తెరుచుకుంటుందేమో అన్నట్టు గబగబా మింగేస్తూ, సిరుసేదు, సిరుసేదు అనుకుంటూ ఆ కూరంతా తినేశారు. తర్వాతి పంక్తిలో ఒకావిడ ఎలా చేశావని కూడా అడిగింది. వదిన, "మిక్సీలో," అని లోపలికి వెళ్ళిపోయింది.

మనిషికి రుచి తెలియకపోవడం లోపం కాదు. తెలిసిన రుచిని, పక్కవాడు ఏమన్నాడో విన్నాక నాలుక మీదే మార్చేసుకోవడం వేరే సంగతి. దానికి సాధన కావాలి. మా కుటుంబం ఆ సాధన తరతరాలుగా చేసింది.

కొత్తమాసకి అన్నయ్య నన్ను ముందురోజే రమ్మన్నాడు. పొద్దున్నే వదిన తలస్నానం చేసి పొయ్యి దగ్గర కూర్చుంది. పెద్దలకి పెట్టే వంటని వాళ్ళకి పెట్టేదాకా ఎవరూ నోట పెట్టకూడదు. వండేవాళ్ళు ఉప్పు చూడకూడదు, కారం చూడకూడదు. కళ్ళతో, చేతి కొలతతో వండాలి. అందుకే కొత్తమాస వంటలో ఏదైనా తేడా వస్తే ఎవరూ తప్పు పట్టరు. వదిన ముద్దపప్పు చేసింది, మామిడికాయ వేసి గుమ్మడికాయ పులుసు పెట్టింది, అరటికాయ కూర చేసింది, గారెలకి పిండి రుబ్బింది. ఉప్పు డబ్బా గట్టు మీద, ఆమె మోచేతి పక్కనే ఉంది. మూత తియ్యలేదు.

మొదట మరిచిపోయిందేమో అనుకున్నాను. గారెల పిండి దగ్గరికి వచ్చేసరికి కాదని తెలిసింది. నేను డబ్బా వైపు చూశాను. వదిన నా వైపు చూసింది. "నీ పని నువ్వు సూసుకో మరిదీ," అంది. నేను కొబ్బరికాయ కొట్టడానికి పెరట్లోకి వెళ్ళాను.

పెద్దలకి పెట్టడం అయింది. కాకికి పెట్టారు. విస్తళ్ళు పడ్డాయి. ఎప్పటిలాగే మొదటి పంక్తి మగవాళ్ళది. అరటికాయ కూర వచ్చింది. బావ వంగి పీల్చాడు. "కుదిరినాది."

అందరూ కలుపుకున్నారు. మొదటి ముద్దకి నిశ్శబ్దం వచ్చింది. చేదైతే మాట్లాడుకోవచ్చు, చప్పిడికి మాట దొరకదు. పప్పు కలుపుకున్నారు, అదీ అంతే. పులుసు పోసుకున్నారు, పులుపు తప్ప ఇంకేం లేదు. ఒకాయన మెల్లగా ఆవకాయ జాడీ వైపు చెయ్యి చాచాడు. పక్కాయన అది చూసి తనవైపు లాక్కున్నాడు. కొద్దిసేపట్లో జాడీ పంక్తి ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. ఏ పండక్కీ అంత ఆవకాయ ఖర్చవడం నేను చూడలేదు. అందరూ ఆవకాయ బాగుందని మెచ్చుకుంటూ వేసుకున్నారు. అన్నయ్య గారె తుంచి ఊరగాయలో అద్దుకుని తిన్నాడు. అన్నయ్య గారెని దేంట్లోనూ అద్దుకోగా నేను ఎరగను. ఉప్పు మాట ఒక్కరు కూడా అనలేదు. బావ తీర్పు ఇచ్చేశాక ఉప్పు అడగడానికి మా ఇంట్లో మగవాడు పుట్టలేదు.

వదిన కూర గిన్నె తీసుకుని బావ ఎదురుగా వచ్చి నిలబడింది.

"మారు వెయ్యమంటారా అన్నయ్యా?"

"వెయ్యి సెల్లెమ్మా."

వేసింది. "ఉప్పు సరిపోనాదా?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. బావ తలెత్తాడు. "సరిగ్గా సరిపోనాది. నీ సెయ్యి ఎక్కువా ఎయ్యదు, తక్కువా ఎయ్యదు."

"నేను వెయ్యలేదన్నయ్యా."

"ఏటి?"

"ఉప్పు. కూరలో వెయ్యలేదు. పప్పులో వెయ్యలేదు, పులుసులో వెయ్యలేదు. గారెల్లో కూడా లేదు."

జాడీ దగ్గరున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. బావ మొహం ముందు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. ఆయనకి తట్టిన మొదటి మాట చూడండి.

"పెద్దలకి కూడా సప్పిడి కూడే ఎట్టీసినావా?"

"వాళ్ళేటీ అనలేదన్నయ్యా," అంది వదిన.

పంక్తి చివర ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను. ఆ నవ్వు దగ్గుగా మారేలోపే బావ విస్తరి మడిచేశాడు. పంక్తిలో పెద్దవాడు మధ్యలో లేస్తే తక్కినవాళ్ళు కూర్చోకూడదు. అందరూ లేచారు. కొంతమంది మొహాల్లో, నిజం చెప్పాలంటే, ఊరట కనబడింది.

మా అప్ప లోపల్నుంచి వచ్చింది. "ఏటే, మా ఆయన నోటికి పరీచ్చ ఎడతావేటే? ఇస్కూలు పిల్లోడనుకున్నావా?"

"నోటికి కాదొదినా," అంది వదిన. "ముక్కుకే పెట్టినాను."

బావ వీధి అరుగు మీద నిలబడి, ఊరందరికీ వినబడేలా ప్రతిజ్ఞ చేశాడు. "ఇయ్యాల్టి నుంచి ఈయమ్మ సేతి కూడు నాను ముట్టను. నా ఇంటోళ్ళు ముట్టరు. ఆయమ్మ తప్పు ఒప్పుకుని, నా కాళ్ళకి దణ్ణం ఎట్టి, మళ్ళీ మీరే రావాల అని పిలిస్తే అప్పుడు సూత్తాను." కారు తలుపు వేసిన చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగింది.

అన్నయ్య వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. తర్వాత నాకు ఫోన్ చేశాడు. "పేపర్లో పనిచేశావు, నలుగురితో మాట్లాడ్డం తెలుసు. మీ వదినకి చెప్పు. ఒక్క మాట అంటే అయిపోద్ది. మరిచిపోనాననీ, తెలిసి సెయ్యలేదనీ అంటే సాలు. బావకి పరువు నిలబడతాది. దానికి పేరు నిలబడతాది. మళ్ళీ అందరూ ఎప్పటిలా వస్తారు."

ఎప్పటిలా వస్తారు. మా అన్నయ్య ఆ మాటని శుభవార్తలా చెప్పాడు.

నేను వెళ్ళాను. వదిన వసారాలో కూర్చుని ఎడమ చేత్తో బీరకాయ చెక్కుతోంది. కబురు చెప్పాను. నా సొంత అభిప్రాయం చెప్పలేదు. డెస్కు మీద ఉన్నవాడికి అబ్బే ఒకే ఒక్క మంచి అలవాటు అది.

"పెద్దాయన కదా వదినా, ఒక్క మాట అంటే తీరిపోతుందంటున్నాడు అన్నయ్య."

"తీరిపోద్ది, నిజమే." బీరకాయ పక్కన పెట్టింది. "నేను తప్పొప్పుకుంటే ఏటవుద్ది మరిదీ? చవితికి అందరూ ఇక్కడికే వస్తారు. పొయ్యి మళ్ళీ నాకే ఇస్తారు. అంతే కదా?"

"అంతే."

"ఒప్పుకోకపోతే?"

"నీ చేతి వంట ఎవరూ తినరు. అదే శిక్ష."

వదిన నవ్వలేదు. గొంతు తగ్గించి, "ఎన్నాళ్ళు వేస్తారంటావు ఆ శిక్ష?" అంది.

"బావ పంతం సంగతి నీకు తెలుసు. ఆయన బతికున్నంత కాలం."

"నూరేళ్ళు బతకాల అన్నయ్య," అంది వదిన, బీరకాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "మీ అన్నయ్యకి చెప్పు, నేను చాలా బాధపడతన్నానని. కానీ ఒప్పుకోను."

నేను అన్నయ్యకి ఆ రెండు ముక్కలూ ఉన్నవున్నట్టు చెప్పాను. ఆయనకి మొదటిది మాత్రమే అర్థమైంది.

తర్వాత మా కుటుంబంలో మొదలైన చర్చ పత్రికలో వేస్తే పేజీలు చాలవు. పండగ ఆగకూడదు. అక్కడ తినకూడదు. అయితే ఎక్కడ? ఇంటివంట ఘనత గురించి ఇన్నేళ్ళు మాట్లాడిన ఇళ్ళన్నీ వరసగా తప్పుకున్నాయి. ఒకరికి గ్యాస్ పొయ్యి చిన్నది. ఒకరికి అద్దె ఇల్లు. ఒకావిడకి నడుం నొప్పి. ఆ మాట అన్నావిడే కిందటి దసరాకి వదిన భుజం గురించి, "వయసుతో పాటు ఉంటాయమ్మా, పనిలో పడితే తెలవదు," అని చెప్పింది. చివరికి ప్రతిజ్ఞ చేసిన బావ ఇల్లే మిగిలింది. ఆయనే పెద్ద మనసు చేసుకున్నట్టు ప్రకటించాడు: చవితి రాజాంలో. అన్నయ్యనీ వదిననీ కూడా పిలిచాడు. వదిన వండింది తాను ముట్టడు గానీ, తన ఇంట్లో వదిన తినొచ్చు. ఆ తేడా ఆయనే ఫోన్లో వివరించాడు.

చవితినాడు పొద్దున్న పదింటికి రాజాం ఇంటి వెనక వీధిలో ఒక ఆటో ఆగింది. మూతలు బిగించిన పెద్ద స్టీలు డబ్బాలు దిగాయి. మా అప్ప వాటిని వంటింట్లోకి తెప్పించి, తలుపు వేసి, పులిహోరనీ పప్పునీ తన ఇత్తడి గిన్నెల్లోకి మార్చింది. ఒక గరిటె మీద క్యాటరింగ్ ఆయన గుర్తుకి వేసుకున్న ఎర్ర రంగు అలాగే ఉండిపోయింది. బావ హాల్లో నిలబడి వచ్చినవాళ్ళకి చెప్తున్నాడు: "బయట కూడు కాదు. ఇంట్లో సేయించినాం. మీ అప్ప దగ్గరుండి సూసుకుంది." దగ్గరుండి డబ్బాల మూతలు తీసింది, అది నిజమే.

క్యాటరింగ్ వాళ్ళు వడ్డించడానికి కూడా మనుషుల్ని పంపారు. దాంతో ఎన్నడూ లేనిది, ఆడవాళ్ళకి కూడా మొదటి విడతలోనే విస్తళ్ళు పడ్డాయి. ఆడవాళ్ళు తర్వాత తినడం మా వంశంలో పెద్దలు పెట్టిన కట్టుబాటని నాకు చిన్నప్పటి నుంచి చెప్పారు. పెద్దలు పెట్టింది కాదు, వడ్డించేందుకు మనుషులు లేక వచ్చిందని ఆ రోజు తెలిసింది. నలుగురిని పెట్టుకునేసరికి కట్టుబాటు ఆటోలో వెళ్ళిపోయింది.

బావ పీల్చాడు. ఏదో అన్నాడు. ఎవరూ పెద్దగా వినలేదు, అందరూ అప్పటికే తింటున్నారు. పులిహోర మామూలుగా ఉంది. కూరలో నూనె ఎక్కువైంది. చారు మాత్రం బాగుంది.

వదిన గోడ పక్కన కూర్చుంది. పొగలు కక్కుతున్న అన్నం మీద పప్పు వేయించుకుని, ఊదుకుంటూ, ఎవరి వంకా చూడకుండా తింది. పులిహోర మళ్ళీ వేయించుకుంది. కుడుములు మూడు తింది. వడ్డించేవాడు దాటిపోతుంటే, "ఇలా చూడు నాయినా, చారు," అని పిలిచింది. లేచి గిన్నెలు చూడలేదు, ఎవరికేం కావాలని అడగలేదు. ఎవరి విస్తట్లో ఏం అయిపోయిందో ఆమె కళ్ళు ఒక్కసారి కూడా వెతకలేదు. అన్నయ్య మంచినీళ్ళ కోసం అలవాటుగా ఆమె వైపు చెయ్యి ఊపాడు. ఆమె తన గ్లాసు తాగేసి కింద పెట్టింది. అన్నయ్య లేచి తెచ్చుకున్నాడు.

భోజనాలయ్యాక క్యాటరింగ్ వాళ్ళు వాళ్ళ డబ్బాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఇత్తడి గిన్నెలు మాత్రం వంటింట్లో మిగిలాయి, అవి ఇంటివి కదా. మా అప్ప కొంగు దోపుకుని వాటి ముందు కూర్చుని, "ఒసే, ఎవర్తైనా ఒకర్తి రండే," అని కేకేసింది. ఎవరూ పలకలేదు.

ఆ ఇంట్లో ముందుగది చల్లగా ఉంటుంది. మంచం, దాని మీద పరుపు, ఏసీ. మధ్యాహ్నం బావ నడుం వాల్చేది అక్కడే. ఆయన తాంబూలం నములుతూ వచ్చేసరికి వదిన ఆ మంచం మీద, కుడి భుజం కింద ఆయన దిండు పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. చిన్నగా గురక కూడా వస్తోంది.

"సెల్లెమ్మా," అన్నాడు బావ గుమ్మంలోంచి.

గురక ఆగలేదు.

"ఏటది?" అంది అప్ప వంటింట్లోంచి.

"నిద్దరోతంది."

పండగపూట ఇంటికొచ్చిన ఆడబిడ్డలాంటి మనిషిని నిద్రలేపడానికి ఆయనకి కూడా మొహం చెల్లలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వరండాలోకి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని, ఎండ తగలని చోటు కోసం దాన్ని రెండుసార్లు జరుపుకుని కూర్చున్నాడు.